కుక్కకాటుకు చెప్పుదెబ్బ

“కుక్కకాటుకు చెప్పుదెబ్బ” యను సామెత వినని తెలుగిల్లుండదు. ఎవరైన మనకు కీడు చేసినచో తడవు చేయక బదులు తీర్చుటయే పౌరుషమని చెప్పుటకు మన పెద్దలు దీని నుపయోగింతురు. మేమును బడిపంతులుగా నున్న ముప్పది యేండ్లలో ఈ సామెతను పిల్లలచేత నెన్నియో మారులు వ్రాయించితిమి, సొంతవాక్యములలో ప్రయోగింపజేసితిమి. అది నిజముగా కుక్కనుగూర్చియు, కాటునుగూర్చియు, చెప్పుదెబ్బనుగూర్చియు చెప్పిన మాటగా మాత్రము ఎన్నడును తలపోయలేదు. 2024వ సంవత్సరమున మా యింట జరిగిన సంగతులు మమ్ము తలపోయునట్లు చేసినవి. ఇందు మాకు గౌరవము తెచ్చు భాగము స్వల్పము. అయినను మా పొరపాటు మఱియొక యింట జరుగకుండునేని, మా లోపము నలుగురికి తెలియుట మంచిదే యని వ్రాయుచున్నాము.

మేము చీమకుర్తివారము. ఒంగోలునుండి కర్నూలునకు పోవు బాటమీద, ఒంగోలునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున మా యూరున్నది. ఇచ్చటి నల్లరాయి, చీకటిలో బంగారు రజను చల్లినట్లు మెఱయునది, బ్లాక్ గెలాక్సీ యను పేర దేశదేశములకు పోవుచున్నది. రాతిలారీలు రేయింబవళ్ళు మా వీధిచివరి బాటను అదరగొట్టుచుండును. ఉద్యోగము విరమించిన పిమ్మట, పెద్ద యింటిలో మనుష్యులము ఇద్దఱమే మిగిలి, మాకు ప్రొద్దు పోకుండెను. పిల్లలు హైదరాబాదున నుందురు. మనుమరాలు సెలవులకు మాత్రము వచ్చును. అట్టి సమయమున పరిచితుడొకాయన నగరమునకు బదిలీయై పోవుచు, అపార్టుమెంటులో కుక్కను ఉంచుకొన వీలుపడదని, తన కుక్కను మాకిచ్చెదనని కబురు పంపెను. “చాలా హుషారైన కుక్క. ఆటంటే ప్రాణం. తిండికి పేచీ పెట్టదు” అని చెప్పెను. ఈ మూడు మాటలును నిజములే. ఆయన మాతో నొక్క యబద్ధమైనను ఆడలేదు. చెప్పవలసిన నాలుగవ మాట మాత్రము చెప్పలేదు.

కుక్క పేరు మోతి. నాలుగేండ్ల ప్రాయము, తండ్రి లాబ్రడార్, తల్లి నాటుకుక్క యని చెప్పిరి. గోధుమవన్నె, వెడల్పైన ఱొమ్ము, అలసట యెఱుగని కాళ్ళు. తెల్లవాఱకముందే గొలుసును నోట కఱచుకొని మా మంచము ప్రక్క నిలుచుచుండెను. దానిని మేము త్రిప్పుట కాదు, అదియే మమ్ము లాగుకొని పోవుచుండెను. పొగాకు బ్యారన్లు దాటి, మిరపచేల గట్లవెంబడి ఒక గంట తిరిగివచ్చినను దాని కాట తీఱదు. బంతి విసరుమని మరల వచ్చి కాళ్ళకడ నిలుచును. నడకవలన మా మోకాళ్ళ బిగువు కూడ కొంత సడలినది. ఇంటికి ప్రాణము వచ్చినట్లుండెను.

ఒక్కటే చిక్కు. తనంతట నది మనమీద పడి ముద్దులాడునే గాని, మనము దానిని పట్టుకొనుట దానికి సరిపడదు. మెడపట్టీ పట్టుకొన్నను, వానలో తడిసివచ్చిన కాళ్ళు తుడువబోయినను, చెవిలోని గోమారి తీయబోయినను దేహమంతయు కొయ్యవలె బిగియును. ముఖము ప్రక్కకు త్రిప్పుకొని కంటికొసనుండి చూచును. ఊరక పెదవులు నాకుకొనును. ఆపైని గొంతులో గుర్రుమనును. మొరిగే కుక్క కఱవదను మఱియొక సామెతను నమ్ముకొని మేము దానిని లక్ష్యపెట్టలేదు.

మాఘమాసమున నొక రాత్రి వీధిలో పెండ్లి యూరేగింపు వచ్చెను. టపాకాయల మ్రోతకు మోతి హడలి మంచము క్రింద దూరెను. మేము మెడపట్టీ పట్టుకొని యీవలకు లాగితిమి. గుర్రుమనెను. ఇంకను లాగితిమి. కఱచెను. బొటనవ్రేలిమీద రెండు గాట్లు పడినవి. వానిమీద ఇంత సున్నమద్దుకొని, మూలనున్న చేతికఱ్ఱ తీసికొని కుక్కను కొట్టితిమి. ఒక దెబ్బతో విడువలేదు; మా కోపము చల్లారువఱకు కొట్టితిమి. అటుపిమ్మట అది గుర్రుమనినప్పుడెల్ల కఱ్ఱ చూపుచు వచ్చితిమి. పదునైదు దినములలో గుర్రుమనుట మానినది. “చూశావా, దారికొచ్చింది” అని మా యింటి యామెతో గర్వముగా పలికితిమి. బెత్తము పట్టిన చేతికి వేఱు విద్య తెలియలేదు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ తీర్చితిమనియు, లెక్క సరిపోయినదనియు అనుకొంటిమి.

వేసవి సెలవులకు మా మనుమరాలు వచ్చెను. ఎనిమిదేండ్ల పిల్ల. మూడు దినములలో మోతియు ఆ పిల్లయు విడువరాని జంటయైరి. ఒకనాటి మధ్యాహ్నము ఆ పిల్ల దాని మెడచుట్టు చేతులు వేసి, చెవి యెత్తి, అందులో నేదో రహస్యము చెప్పబోయెను. గుర్రు లేదు, మొరుగు లేదు. ముంజేయి పట్టి కఱచెను. నాలుగుచోట్ల పండ్లు దిగినవి. పిల్ల వెంటనే యేడువలేదు. విస్తుపోయి మా ముఖము చూచి, “అది నన్ను కోప్పడనైనా లేదు తాతయ్యా, ఊరికే కరిచేసింది” అనెను. ఆ మాట మాకు ఆ క్షణమున అర్థము కాలేదు.

ఇరుగుపొరుగువారు పరుగున వచ్చిరి. ఒకరు గాయములో కారము నింపుమనిరి. మాది మిరప పండు సీమ గనుక ప్రతి బాధకును మొదట చేయి కారపు డబ్బామీదికే పోవును. ఒకరు సున్నమనిరి, ఒకరు పసుపనిరి. మా యింటి యామె యెవరి మాటయు వినక, పిల్లను కొళాయి కడకు తీసికొనిపోయి, గడియారము చూచుకొని, పాఱు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు గాయమును కడిగెను. గృహిణులారా! తక్కినవన్నియు మఱచినను ఈ యొక్క పనిని మఱవకుడు. కుక్క చొంగలోని విషక్రిమిని గాయమునుండి కడిగివేయుట ప్రాణరక్షణలో మొదటి మెట్టు. పిచ్చికుక్క రోగము లక్షణములు పైకి కనబడినపిమ్మట దాదాపు ఎవ్వరిని విడువదు. కనబడకముందు టీకా పడినచో దాదాపు ఎవ్వరిని ముట్టదు. అనుమానము గల జంతువుల కాటుకు గుఱియగువారిలో నూటికి 40 మంది పదునైదేండ్లలోపు పిల్లలేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఆసుపత్రిలో గాయము చుట్టును ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించి, మొదటి టీకాను చేతి చర్మములో వేసిరి. తక్కినవి 3వ, 7వ, 28వ దినములందని చీటి వ్రాసి యిచ్చిరి. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులను భయము మా తరమువారిని నేటికిని వదలలేదు. ఆ పాతమందు వాడుక మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. 1885 జూలై 6వ తేదీన పాశ్చర్ పండితుడు జోసెఫ్ మీస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మొదటి టీకా వేయించినప్పుడు అది సాహసము. 1907లో కూనూరున పాశ్చర్ సంస్థ వెలసినప్పుడు దక్షిణదేశమునకది వరము. నేడది మన యూరి యాసుపత్రిలో దొరకు మందు. అయినను కారమును నమ్మి ప్రాణములు పోగొట్టుకొనువా రున్నారు. వైద్యుడు మా బొటనవ్రేలి మచ్చను చూచి, సంగతి విని, మాకును టీకా వ్రాసెను. సున్నమద్దుకొంటిమని చెప్పుటకు మాకు సిగ్గువేసెను. కఱచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూడుడని చెప్పిరి. మోతి ఆరోగ్యముగనే యుండెను.

ఆ గడువు తీఱినపిమ్మట దానిని ఒంగోలులోని పశువైద్యునికి చూపించితిమి. ఆయన మూతికి బుట్ట తగిలించి, మత్తుమందిచ్చి, చెవులలో దీపము వేసి చూచెను. కుడిచెవి లోపల పాత పుండు, చీము. “ఇది మీ దగ్గరికి రాకముందు నుంచీ ఉన్నదే అయి ఉంటుంది మాష్టారూ” అని, “మందుతో పుండు మానుతుంది. కాని చెయ్యి దగ్గరికొస్తే నొప్పి వస్తుందని అది నేర్చుకున్న పాఠం మందుతో పోదు. దానికి కాలం కావాలి, ఓపిక కావాలి, చిన్నపిల్లలు లేని ఇల్లు కావాలి” అనెను. కఱ్ఱతో కొట్టిన సంగతియు, గుర్రుమనుట మాన్పించిన సంగతియు దాచక చెప్పితిమి. ఆయన మమ్ము నిందింపలేదు. “గుర్రుమనడం అది కరవబోయేముందు కొట్టే గంట. మీరు భయం తీసెయ్యలేదు, గంట తీసేశారు” అని మాత్రము చెప్పెను.

మనుమరాలి మాట అప్పుడు మాకు తెలిసినది. ముఖము త్రిప్పుకొనుట, పెదవులు నాకుకొనుట, బిగిసిపోవుట, గుర్రుమనుట, ఇవన్నియు నోరులేని జీవి “నన్ను ముట్టవద్దు” అని వేడుకొను మాటలు. అది ఒక్కొక్క మాటయే చెప్పి చూచెను; మేము వినలేదు. కడపటి మాటకు కఱ్ఱతో బదులు చెప్పితిమి. మా కొట్టిన దెబ్బలు కుక్కమీద పడి యాగలేదు. చుట్టు తిరిగివచ్చి పసిపిల్ల చేతిమీద పడినవి.

పుండు మానినది. అయినను సెలవు సెలవునకు పిల్ల వచ్చు నింటిలో, వణకు చేతుల ముసలివారిద్దఱు, ఆ కుక్క నుంచుకొనుట తగదని తేలినది. ఏమి చేయవలెను? సలహాలకు కొదవలేదు. రాతిలారీ నెక్కించి దూరమున దింపివేయుమని యొకరు. రామతీర్థపు జలాశయము కట్టమీద విడిచిరండని యొకరు. దిక్కులేక ఆకలిదప్పులతో మాడునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. నేరమను మాట యటుంచినను, అట్లు విడిచిన కుక్క మఱియొక యూరి పసిపిల్లను కఱచినచో ఆ పాపమెవరిది? ప్రాణము తీయించుటనుగూర్చియు పశువైద్యు నడిగితిమి. మానని బాధ గల ప్రాణికి అదియు దయయే కావచ్చును గాని, దీనికి ఇంకను వేఱు దారి యున్నదని ఆయన చెప్పెను.

ఆ రాత్రులలో భారతము మాటిమాటికి మనస్సునకు వచ్చెను. మహాప్రస్థానమున కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథ మన మందఱము చెప్పుకొందుము. కాని ఆదిపర్వారంభమున నున్న సరమ కథను చెప్పుకొనువారు తక్కువ. జనమేజయుని తమ్ములు తప్పేమియు చేయని కుక్కపిల్లను యాగశాలకడ కొట్టిరి. తల్లి సరమ వచ్చి, అన్యాయము చేసినవారికి అనుకొనని భయము వచ్చునని చెప్పిపోయెను. అంత పెద్ద గ్రంథము దెబ్బతిన్న కుక్కపిల్లతో మొదలై, విడువబడని కుక్కతో ముగియవచ్చుచున్నది. మేము మొదటి కథలోని వారమైతిమి. రెండవదానికి చేరుట యెట్లు?

కుక్క కావలెనని విచారించుచున్న దూరపు పరిచితు నొకనికి ఉత్తరము వ్రాయ గూర్చుంటిమి. ఆయన యింట ఇద్దఱు చిన్నపిల్లలున్నారని మాకు తెలియును. వ్రాసినది మా యింటి యామెకు చదివి వినిపించితిమి: “మోతి చాలా హుషారైన కుక్క. ఆటలయందు మిక్కిలి యాసక్తి. ఆరోగ్యము బాగున్నది. టీకాలన్నియు వేయించితిమి.” ఆమె బియ్యములో రాళ్ళేరుచు తలయెత్తకయే యడిగెను: “ఏమండీ, మనకిచ్చినాయన కూడా ఈ మాటలే గదా చెప్పింది?”

మాకు బదులు రాలేదు. ఆయనను ఆఱునెలలుగా మనస్సులో తిట్టుకొనుచున్న మేము, ఆయన వాక్యములనే మా దస్తూరితో తిరుగ వ్రాసితిమి. ఆయనయు దుర్మార్గుడు కాడు. కుక్కమీద ప్రేమచేతనే, నిజము చెప్పినచో ఎవ్వరును తీసికొనరను భయముచేతనే దాచియుండును. మేమును అంతే. కుక్క నోటి గుర్రును కఱ్ఱతో మాన్పితిమి. ఉత్తరములోని గుర్రును కలముతో మాన్పబోతిమి. రెండును ఒకటే పని.

ఉత్తరము చింపి మరల వ్రాసితిమి. రెండుమార్లు కఱచినదని; ఎవరిని, ఎచ్చట, ఎట్టి సమయమున కఱచినదో; గాయము లోతెంతో; చెవులు, కాళ్ళు, మెడపట్టీ పట్టుకొననీయదని; దీనిని మేము కొట్టితిమని, అందువలన గుర్రుమనకయే కఱవవచ్చునని; పిల్లలున్న యింటికి ఇయ్యమని; దినమునకు రెండుపూటల పరుగు లేనిదే నిలువదని; ఇంత చెప్పి, తుదకు దాని మంచి గుణములు చెప్పితిమి. పాత ఉత్తరము నాలుగు వాక్యములు. కొత్తది రెండు పుటలు. దానికి నకళ్ళు తీయించి తెలిసినవారికెల్ల పంపితిమి. ముగ్గురు వద్దని బదులిచ్చిరి. ఒకరు మా పిచ్చికి నవ్విరి: “ఇంత వ్రాస్తే ఎవరు తీసుకుంటారండీ?” క్వారీ కాపలాకై యడిగిన యొకడు మాత్రము కఱచునని వినగానే సంతోషించి, వెంటనే పంపుమనెను. పగలెల్ల గొలుసున కట్టి రాత్రి విడుతునని చెప్పెను. ఆ కుక్కను గొలుసున కట్టుట దాని భయమునకు పదును పెట్టుటయే యగును గనుక, ఆయనకు ఇయ్యలేదు.

నాలుగు నెలలకు రామతీర్థము వైపునుండి యొక రైతు మా యిల్లు వెదకికొనుచు వచ్చెను. అఱువదేండ్లవాడు, పిల్లలు పెరిగి దూరముననున్నారు, ఆలుమగలు చేనిలోనే యిల్లు కట్టుకొని యున్నారు, చుట్టును కంచె. బండలాగు పందెములకు ఒంగోలు గిత్తలను పెంచినవాడు. ఆ జాతి పశువులే సముద్రములు దాటి బ్రెజిలునకు పోయి నెల్లూరు పేర నెలోర్ అని వ్యవహరింపబడుచు అచ్చట మందలు మందలై యున్నవని చదువరులు వినియేయుందురు. అంతటి బలముగల గిత్తను దెబ్బతో లొంగదీయ నెవ్వని తరము? “ఉత్తరం మావాడు చదివి చెప్పాడు మాష్టారూ. దోషం చెప్పి అమ్మే పశువుని నమ్మొచ్చు” అని ఆయన అనెను.

ఆయన మొదటిదినమున మోతిని ముట్టలేదు; చూడనైనను లేదు. అరుగుమీద ప్రక్కగా కూర్చుండి, ఉడికిన కోడిమాంసపు తునుక లొక్కొక్కటి దూరముగా వేయుచుండెను. రెండవమారు వచ్చినప్పుడు చేయి చూపి, వాసన చూడనిచ్చెను. మూడవమారు భుజముమీద చేయి ఆనించి, ఒకటి యని లెక్కించునంతలో తీసివేసి, తునుక యిచ్చెను. కుక్క బిగిసినచో చేయి వెనుకకు. సడలినచో మరల ముందుకు. “లేగదూడప్పుడే అలవాటు చెయ్యాలి. పెద్దదయ్యాక చేస్తే పదిరెట్లు ఓపిక కావాలి. అంతే తేడా” అనెను. ఎడ్లకు కట్టు చిక్కమువలె ఇనుపతీగతో నల్లిన బుట్టను దానికి అలవాటు చేసెను; బలవంతముగా తొడుగక, బుట్ట యడుగున మాంసము పెట్టి దానంతట మూతి దూర్చునట్లు నేర్పెను. మాకు ముప్పది యేండ్ల బోధనాభ్యాసన శాస్త్రము నేర్పనిది ఆ యరుగుమీద కనబడినది. ఒకనాడు గుర్రుమనెను. మేము ఉలిక్కిపడితిమి. ఆయన చేయి తీసికొని, నవ్వి, “మంచిది. మళ్ళీ మాట వచ్చింది” అనెను.

ఆఱు పర్యాయములు వచ్చి, కార్తికమాసమున తీసికొనిపోయెను. వెల పుచ్చుకొనలేదు. కాగితముమీద మూడు షరతులు వ్రాసికొంటిమి: పిల్లలు వచ్చినప్పుడు కంచె లోపల వేఱుగా నుంచవలెను; ఏటేట టీకా వేయింపవలెను; సరిపడనిచో మఱియొకరికి ఇయ్యక మాకే తిరిగి పంపవలెను. పెంపుడు జంతువు విషయమున అశ్రద్ధచేసి పరుల కపాయము తెచ్చినవారికి 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 291వ విభాగము శిక్ష విధించుచున్నదని కూడ ఆయనకు చెప్పితిమి. “చట్టం సంగతి సరే, నా ఇంట్లో మనిషి చెయ్యి నాకు తెలియదూ?” అనెను.

మోతి సంపూర్ణముగా మాఱినదని వ్రాసినచో అదియు ఒక యబద్ధమగును. రెండవనెలలో, చెప్పినను వినక దాని తల నిమురబోయిన కూలివానిమీద పండ్లు చూపెను. చిక్క ముండుటచేత అపాయము తప్పినది. చెవి పట్టనిచ్చుట నేటికిని ఆ దంపతుల కిద్దఱికి మాత్రమే. కాని ఉదయము గట్లవెంబడి తనివిదీఱ పరుగెత్తుచున్నది. మిరపకల్లము కాలమున రాత్రులు కావలి యుండుచున్నది. 2025 వేసవిలో మనుమరాలు దానిని చూచెదనని పట్టుపట్టగా తీసికొనిపోతిమి. కంచె వెలుపలినుండి బంతి విసరెను. అది తెచ్చి కంచెకడ వేసి, మరల విసరుమని నిలిచెను. పిల్ల చేయి చాచబోయి, దాని ముఖము చూచి, “ఇప్పుడు వద్దంటోంది తాతయ్యా” అని చేయి వెనుకకు తీసికొనెను. మేము ఏండ్లు గడిచినను నేర్వనిది ఆ పిల్ల ముంజేతి మచ్చలతో నేర్చుకొన్నది.

వేయి యబద్ధములాడి యొక పెండ్లి చేయుమను సామెతయు మనకు కలదు. దాని ఫలము లెన్ని యిండ్లలో కన్నీరై పాఱినవో సంస్కారప్రియులగు చదువరులకు చెప్పనక్కఱలేదు. దోషము దాచి యిచ్చినది ఆడుబిడ్డ సంబంధమైనను, పాడియావైనను, పెంపుడు కుక్కయైనను, దాచినవాడు సుఖముగనే నిద్రించును. తెలియక చేయి చాచినవాడు కాటు తినును. కడకు దండన నోరులేని దానికి పడును. ఆ రైతు పశువులకొట్టము గోడకు మా రెండు పుటల యుత్తరము నంటించి యుంచినాడు. కొత్త పాలేరు వచ్చినప్పుడెల్ల మొదట దానిని చదివి వినిపించి, పిమ్మట కుక్కను చూపునట. మేము జీవితమున వ్రాసిన వ్రాతలలో ఇన్నిమార్లు చదువబడినది వేఱొకటి లేదు.